ఓడ రాని ఊరు: తరంగంబాడిలో మా పెళ్లిరోజు

ఒక విషయం ముందే చెప్పేస్తాను. ఈ ఎపిసోడ్‌లో డ్రోన్ షాట్లు లేవు, బీచ్‌లో స్లో మోషన్ లేదు, నేను కోట ముందు చేతులు ఊపుతూ మాట్లాడటం లేదు. ఇదిగో ఈ గోడ, ఈ కుర్చీ, నా మొహం, అంతే. ఎందుకంటే ఇది మా రెండో పెళ్లిరోజు ట్రిప్పు, మా ఆవిడ పెట్టిన కండిషన్ ఒక్కటే: కెమెరా, మైక్, ట్రైపాడ్ ఇంట్లోనే ఉండాలి. "నువ్వు నాతో వస్తున్నావా, నీ వ్యూయర్స్‌తో వస్తున్నావా?" అని అడిగింది. మాఘమాసంలో పెళ్లయినవాడికి ఫిబ్రవరిలో ఇలాంటి ప్రశ్న వస్తే సమాధానం ఒక్కటే ఉంటుంది.

కానీ చెవులు, కళ్లు ఇంట్లో పెట్టి వెళ్లలేం కదా. అందుకే చూసింది, చదివింది, మా ఇద్దరికీ మధ్య జరిగిన గొడవతో సహా చెప్తాను.

ఊరి పేరు తరంగంబాడి. తమిళనాడులో మయిలాడుదురై జిల్లా. మ్యాప్‌లో పుదుచ్చేరి పట్టుకుని తీరం వెంబడి కిందికి జరిపితే, కారైకాల్‌కి కొంచెం పైన కనిపిస్తుంది. పాత పుస్తకాల్లో ట్రాంకేబార్ అని ఉంటుంది. యూరప్ వాళ్ల నోట్లో పడి తరంగంబాడి అలా తయారైంది. తరంగం మనకి తెలిసిన మాటే, పాటలు పాడే అలల ఊరు అని అర్థం చెప్తారు. హైదరాబాద్‌లో సాయంత్రం రైలెక్కి, పొద్దున చెన్నైలో దిగి, ఇంకో రైలు పట్టుకుని మయిలాడుదురై, అక్కడి నుంచి ఒక 30 కిలోమీటర్లు బస్సు. రెండు రాత్రుల ట్రిప్పుకి ఇంత ప్రయాణం అవసరమా, గోవా ఫ్లైట్ ఉందిగా అని మా మామగారు ఫోన్‌లో అడిగారు. గోవాకి వెళ్తే ఈ ఎపిసోడ్ ఉండేది కాదు మామయ్యగారూ.

ఊళ్లోకి వెళ్లాలంటే ఒక పాత గేటు కింద నుంచి వెళ్లాలి. తెల్లటి ద్వారం, పైన డెన్మార్క్ రాజముద్ర, 1792 అని సంవత్సరం. అది దాటితే నేరుగా ఒక వీధి, కింగ్స్ స్ట్రీట్. అటూ ఇటూ పాత చర్చిలు, పాత బంగళాలు, చివర్లో సముద్రం. మొత్తం నడిస్తే పది నిమిషాలు. పది నిమిషాల్లో ఇండియా నుంచి డెన్మార్క్‌కి వెళ్లి సముద్రంలో కాళ్లు పెట్టొచ్చు.

ఆ చివర్లో ఉన్నదే డాన్స్‌బోర్గ్ కోట. గోల్కొండ చూసిన కళ్లకి ఇది కోటలా అనిపించదు, నిజం చెప్పాలి. పెద్ద గవర్నమెంట్ గెస్ట్ హౌస్‌లా ఉంటుంది. కింద గోడౌన్లు, సిపాయిల గదులు, జైలు. పైన గవర్నర్ ఉండే గదులు. కానీ డెన్మార్క్ వాళ్లు కట్టిన కోటల్లో క్రోన్‌బోర్గ్ తర్వాత ఇదే పెద్దది అంటారు. క్రోన్‌బోర్గ్ అంటే షేక్‌స్పియర్ హామ్లెట్ కథ నడిచే కోట. దాని తర్వాతిది మన కోరమండల్ తీరంలో, బజ్జీల బండి పక్కన.

ఇప్పుడు అసలు ప్రశ్న. డెన్మార్క్ ఎక్కడ, ఈ ఊరు ఎక్కడ? స్కూల్లో మనం చదివింది పోర్చుగీసు, డచ్, ఇంగ్లీష్, ఫ్రెంచ్. డేన్స్ గురించి ఒక్క లైన్, అది కూడా బిట్ పేపర్ కోసం.

కథ 1616లో మొదలవుతుంది. డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్ ఒక ఈస్ట్ ఇండియా కంపెనీకి పర్మిషన్ ఇచ్చాడు. ఇంగ్లీష్ వాళ్లు, డచ్ వాళ్లు మిరియాలు, లవంగాలు తెచ్చి కోట్లు సంపాదిస్తుంటే మనకెందుకు లేదు అన్న బాధ. కంపెనీ అయితే పెట్టారు, డబ్బులు లేవు, ఎక్కడికి వెళ్లాలో తెలీదు. ఈలోపు బోస్‌హౌవర్ అని ఒకాయన కోపెన్‌హేగన్‌లో దిగాడు. శ్రీలంకలో క్యాండీ రాజు నన్ను పంపాడు, పోర్చుగీసు వాళ్లతో కొట్లాటకి సాయం కావాలి, బదులుగా వ్యాపారం మీకే అన్నాడు. పిచ్ డెక్ అదిరింది. ఫండింగ్ వచ్చేసింది.

1618లో ఓడలు బయల్దేరాయి. కమాండర్ పేరు ఓవె గెడ్డె. గెడ్డం కాదండి, గెడ్డె. వయసు 24. మనం 24 ఏళ్లకి బెంచ్ మీద కూర్చుని ప్రాజెక్ట్ కోసం ఎదురు చూస్తాం. ఆయనకి రాజుగారి ఓడలు అప్పజెప్పారు. ప్రయాణం దాదాపు ఏడాదిన్నర. దారిలో సగం మందికి పైగా చచ్చిపోయారు. ఆ బోస్‌హౌవర్ కూడా దారిలోనే పోయాడు. 1620లో శ్రీలంక చేరేసరికి సీన్ ఏంటంటే, క్యాండీ రాజు అప్పటికే పోర్చుగీసు వాళ్లతో రాజీ అయిపోయాడు. వీళ్ల అవసరమే లేదు. క్లయింట్ మీటింగ్‌కి ఏడాదిన్నర ప్రయాణం చేసి వెళ్తే ఆ రిక్వైర్‌మెంటే క్లోజ్ అయిపోయింది అన్నమాట.

అయితే ఈ ఓడల కంటే ముందు ఇంకో చిన్న ఓడ బయల్దేరింది, పేరు ఓరెసుండ్. దాని మీద రోలంట్ క్రాపె అని ఒక డచ్ వ్యాపారి. 1619లో ఆ ఓడని కారైకాల్ దగ్గర పోర్చుగీసు వాళ్లు ముంచేశారు. మన యానాం లాగే ఈ కారైకాల్ కూడా ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం, మేం వెళ్లిన ఊరికి పక్కనే. ఓడలో వాళ్లని చాలామందిని చంపేశారు, ఇద్దరి తలలు కర్రలకి గుచ్చి బీచ్‌లో నిలబెట్టారు, ఇంకెవడూ రాకూడదని. క్రాపె, ఇంకో 13 మంది ఈదుకుంటూనో ఎలాగో ఒడ్డున పడ్డారు. వాళ్లని పట్టుకుని తంజావూరు రాజు ముందు నిలబెట్టారు.

ఆ రాజు ఎవరో తెలుసా? రఘునాథ నాయకుడు. తెలుగువాడు.

ఇక్కడ నా పరువు పోయిన ముచ్చట ఒకటి చెప్పాలి. కోట గోడ మీద కూర్చుని నేను ఫోన్‌లో చదివి, "అరే, తంజావూరు రాజు తెలుగువాడంట" అన్నాను, ఏదో కనిపెట్టినట్టు. మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసింది. నేను ఇంటర్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న బ్యాచ్. ఆమె తెలుగు తీసుకుంది. "రఘునాథ నాయకుడు తెలీదా? చేమకూర వెంకటకవి, విజయవిలాసం? ఆ కావ్యం ఆయనకే అంకితం" అంది. తర్వాత పావుగంట క్లాసు. ఆయన రాజే కాదు, స్వయంగా కవి. వాల్మీకి చరిత్రము రాశాడు, రామాయణం రాశాడు. ఆయన ఆస్థానంలో ఆడవాళ్లు కావ్యాలు రాశారు. రామభద్రాంబ ఆయన మీద సంస్కృతంలో రఘునాథాభ్యుదయం రాసింది. ఊరు తమిళం, రాజభాష తెలుగు, పండితుల భాష సంస్కృతం. ఇప్పుడు మనం చూసే తంజావూరు వీణ రూపు కూడా ఆయన కాలంలోనే కుదిరిందని సంగీతం వాళ్లు చెప్తారు.

సో, తడిబట్టలతో నిలబడ్డ ఈ 14 మందిని చూసి రఘునాథుడు ఏమనుకున్నాడు? చంపించలేదు. వ్యాపారం మాట్లాడాడు. తెల్లోడిని చూసి మోసపోయాడు, ఊరు ఇచ్చేశాడు అని సింపుల్‌గా అనేయొచ్చు, చాలా వీడియోల్లో అలాగే అంటారు కూడా. నాకు అది ఒప్పదు. ఆయన ఉన్న పొజిషన్ చూడండి. పక్కనే నాగపట్నంలో పోర్చుగీసు వాళ్లు పాతుకుపోయి ఉన్నారు. తన రాజ్యంలో పండేది, నేసేది సముద్రం మీద అమ్మాలంటే వాళ్లే దిక్కు. జాఫ్నా విషయంలో వాళ్లతో ఆయనకి యుద్ధాలు కూడా నడిచాయి. అలాంటప్పుడు పోర్చుగీసు వాళ్లతో దెబ్బలు తిన్న ఇంకో యూరప్ జట్టు వచ్చి తలుపు కొట్టింది. మార్కెట్‌లో ఒక్కడే కొనేవాడుంటే రేటు వాడిది, ఇద్దరుంటే రేటు మనది. ఇది తెలివైన పనే. ఆ రోజున ఉన్న లెక్కలతో చూస్తే.

1620 నవంబర్‌లో ఓవె గెడ్డె తంజావూరు వచ్చి ఒప్పందం మీద సంతకం పెట్టాడు. తరంగంబాడి గ్రామం, కోట కట్టుకునే హక్కు, అక్కడ పన్ను వసూలు చేసుకునే హక్కు. బదులుగా ఏడాదికి కప్పం. 3,111 రూపాయలని పుస్తకాల్లో ఉంటుంది. రఘునాథుడు డెన్మార్క్ రాజుకి బంగారు రేకు మీద చెక్కిన ఉత్తరం పంపాడు. తమిళంలో ఉంది, ఇప్పటికీ డెన్మార్క్ నేషనల్ ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉంది. 400 ఏళ్లు. నా ఆఫర్ లెటర్ పీడీఎఫ్ నాకే దొరకడం లేదు.

సరే. ఇప్పటిదాకా చెప్పింది ఇంటర్నెట్‌లో ఎక్కడైనా దొరుకుతుంది. నేను ఈ ఎపిసోడ్ చేయాలనుకున్నది దీని తర్వాత జరిగిన దాని గురించి.

మొదటి ఇరవై ఏళ్లు కిందా మీదా పడి నడిపారు. మచిలీపట్నంలో కూడా ఒక ఫ్యాక్టరీ పెట్టారు. ఫ్యాక్టరీ అంటే మిషన్లు కాదు, గోడౌన్ కమ్ ఆఫీసు. ఇండోనేషియాలో మకస్సార్ నుంచి లవంగాలు తెచ్చి అమ్మేవాళ్లు. కానీ ఓడలు మునిగిపోవడం, మనుషులు చనిపోవడం, అప్పులు. డచ్ వాళ్లకి కోట అమ్మేద్దామని కూడా ట్రై చేశారు, కుదరలేదు. పైన డెన్మార్క్ యూరప్ యుద్ధాల్లో ఇరుక్కుపోయింది. 1639లో ఒక ఓడ కోపెన్‌హేగన్ నుంచి బయల్దేరింది, అది ఇక్కడికి చేరడానికి 1643 అయింది. ఆ తర్వాత ఇంకో ఓడ రాలేదు.

ఒక ఏడాది కాదు, రెండేళ్లు కాదు. 1669 దాకా రాలేదు.

మధ్యలో రాజు చచ్చిపోయాడు, కంపెనీ దివాలా తీసింది, 1650లో కంపెనీని అధికారికంగా రద్దు చేసేశారు. అంటే హెడ్డాఫీసు మూతపడింది. ఆఫ్‌షోర్ టీమ్ మాత్రం ఇక్కడే ఉంది, అక్షరాలా షోర్ మీదే. జీతాలు లేవు, సామాను లేదు, కొత్త మనుషులు రారు. ఓడతో వచ్చిన లీడర్ విల్లెమ్ లేయెల్‌ని 1648లో అతని మనుషులే దించేశారు. తర్వాత కోర్సోర్ అనే ఆయన నడిపి 1655లో చనిపోయాడు. అప్పటికి కోటలో మిగిలిన డేన్ ఒక్కడే. పేరు ఎస్కిల్ అండర్సన్ కాంగ్స్‌బక్కె.

ఈయన ఆఫీసర్ కాదు, జమీందారీ కుటుంబం కాదు. మామూలు మనిషి. చదువు కూడా రాదని చెప్తారు. చుట్టూ ఉన్నది స్థానిక సిపాయిలు, ఇండో పోర్చుగీసు వాళ్లు, ఊళ్లో జనం. ఈయన కావాలంటే ఏ డచ్ ఓడో ఎక్కి వెళ్లిపోవచ్చు. ఎవరూ అడగరు కూడా. వెళ్లలేదు. జెండా దించలేదు.

కప్పం కట్టలేదని నాయకరాజు సైన్యం మీదికొచ్చింది. అప్పటికి రఘునాథుడు లేడు, ఆయన కొడుకు విజయరాఘవుడి కాలం. ఈ ఒక్క డేన్ కోటని కాపాడుకున్నాడు, ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. తర్వాత రాజీ కుదుర్చుకున్నాడు. ఊరి చుట్టూ గోడ కట్టించాడు. మధ్యలో వేరే దేశాల ఓడల ద్వారా డెన్మార్క్‌కి కబుర్లు పంపుతూనే ఉన్నాడు: నేనిక్కడ ఉన్నాను, కోట మనదే, ఎవరినైనా పంపండి అని. సర్వర్ ఆఫ్ చేసేశారని తెలియక పింగ్ కొడుతూనే ఉన్నాడన్నమాట.

చివరికి ఎవరో విన్నారు. 1669 మే నెలలో ఫేరో అనే యుద్ధనౌక వచ్చింది, కెప్టెన్ పేరు సీవర్ట్ అదెలార్. చేతిలో ఒక కాగితం తెచ్చాడు: కాంగ్స్‌బక్కెని ఈ ఊరికి లీడర్‌గా నియమిస్తున్నాం అని. 14 ఏళ్లుగా చేస్తున్న ఉద్యోగానికి అప్పుడొచ్చింది అపాయింట్‌మెంట్ ఆర్డర్.

నేను ఈ ముక్క మా ఆవిడకి సాయంత్రం బీచ్‌లో చెప్పాను. గాలి బాగుంది, వేడి వేడి మిరపకాయ బజ్జీ ఉంది, నేను ఫుల్ ఎమోషన్‌లో ఉన్నాను. మీకు తెలుసు కదా, నేను ఉద్యోగం మానేసి పది నెలలైంది. ఇంట్లో ఈఎంఐ, కరెంటు బిల్లు ఇప్పుడు ఆమె జీతం మీద నడుస్తున్నాయి. ఒక ఏడాది టైమ్ ఇచ్చింది, ఏడాదిలో ఈ వీడియోల మీద ఇల్లు నడవకపోతే మళ్లీ లాప్‌టాప్ ముందు కూర్చోవాలని మాట. కాంగ్స్‌బక్కె కథ చెప్తున్నప్పుడు నేను ఎవరి గురించి చెప్తున్నానో ఆమెకి వెంటనే అర్థమైపోయింది.

"ఓడ కోసం ఎన్నేళ్లు చూశాడు?" అంది.

"ఆయన లీడర్‌గా 14. మొత్తం ఊరికి ఓడ రాక ఇంకా ఎక్కువ."

"నేను నీకు ఒక్క ఏడాదే ఇచ్చాను. గుర్తుందిగా."

నవ్వేశాం. అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. కానీ తర్వాత ఆమె ఇంకో ప్రశ్న అడిగింది. "జీతం లేదు, సామాను లేదు అన్నావు. మరి గోడ కట్టడానికి, సిపాయిలకి డబ్బులు ఎక్కడివి?"

ఇక్కడ నేను కాస్త నీళ్లు నమిలాను. ఎందుకంటే జవాబు నాకు తెలుసు, కథ చెప్తున్నప్పుడు స్పీడ్‌లో దాటేశాను. డబ్బులు వచ్చింది ఓడల మీద నుంచి. బంగాళాఖాతంలో వెళ్లే వ్యాపారం ఓడల్ని పట్టుకుని, సరుకు అమ్మేసి, ఆ డబ్బుతో కోట నడిపారు. కాంగ్స్‌బక్కె కంటే ముందే, 1642లోనే, ఈ చిన్న గుంపు మొఘల్ సామ్రాజ్యం మీద యుద్ధం ప్రకటించింది. వినడానికి కామెడీగా ఉంటుంది. పట్టుమని వందమంది లేని ఊరు షాజహాన్ మీద యుద్ధం. మనమందరం నవ్వే చోటు అది, నేను కూడా స్క్రిప్ట్‌లో అక్కడ జోక్ రాసుకున్నాను. కానీ ఆ యుద్ధం అంటే ఆచరణలో ఏంటి? బెంగాల్ వైపు నుంచి బట్టలు, బియ్యం, చక్కెర వేసుకుని వస్తున్న ఓడని ఆపడం. ఆ ఓడ ఒక వ్యాపారి అప్పు చేసి నింపింది అయ్యుండొచ్చు. అందులో సరంగులు, కూలీలు, ప్రయాణికులు ఉంటారు. వాళ్లు షాజహాన్ కాదు.

"అంటే నీ హీరో దొంగ" అంది.

"ఆ కాలంలో అందరూ అదే చేసేవాళ్లు. పోర్చుగీసు వాళ్లు, డచ్ వాళ్లు..."

"అందరూ చేశారు కాబట్టి ఓకేనా? నువ్వే కదా లాస్ట్ ఎపిసోడ్‌లో ఇంగ్లీష్ వాళ్ల గురించి అరిచింది. అప్పుడు ఈ లాజిక్ ఏమైంది?"

బజ్జీ చల్లారిపోయింది. నిజంగానే కొంచెంసేపు మాట్లాడుకోలేదు. నాకు కోపం వచ్చింది, ఎందుకో రూమ్‌కి వెళ్లాక గానీ తెలీలేదు. నాకు కాంగ్స్‌బక్కె నచ్చాడు, ఎందుకంటే ఆయన పట్టుదల నాకు పనికొస్తుంది. పట్టుదల అనే మాట చాలా బాగుంటుంది, దాని బిల్లు ఎవరు కట్టారో అడగనంత వరకు. అక్కడ బంగాళాఖాతంలో ఓడలు కట్టాయి. మా ఇంట్లో ఎవరు కడుతున్నారో ఇప్పుడే చెప్పాను.

పోలిక అతిగా ఉందని నాకూ తెలుసు, మా ఆవిడ కూడా తర్వాత అదే అంది. "నేనేం మునిగిపోయిన ఓడని కాదు, డ్రామా వద్దు" అంది. కానీ ఆ ఊరి గురించి చదివే పద్ధతి మాత్రం నాకు ఆ రాత్రి నుంచి మారింది. కాంగ్స్‌బక్కె ధైర్యవంతుడు, అది నిజం. ఆయన కోట నిలబడింది వేరేవాళ్ల సరుకు మీద, అదీ నిజం. కోటలో మనకి దొరికేది మొదటిది. రెండోదానికి పేర్లు లేవు. ఓడలు పోగొట్టుకున్నవాళ్లలో ఎవరికీ గేటు మీద ముద్ర లేదు.

తర్వాతి వందేళ్లు కొంచెం ఫాస్ట్‌గా వెళ్తాను. 1673లో తంజావూరు నాయకుల రాజ్యమే పోయింది, మధుర నాయకుల చేతిలో. వెంటనే మరాఠా వెంకోజీ వచ్చి కూర్చున్నాడు. ఊరు ఇచ్చిన తెలుగు రాజవంశం పోయింది, అద్దెకి దిగిన డేన్స్ మాత్రం ఉన్నారు. కొత్త కంపెనీలు పెట్టారు, వ్యాపారం బాగానే నడిచింది.

1706లో ఇద్దరు జర్మన్ పాస్టర్లు దిగారు, జీగెన్‌బాల్గ్, ప్లుట్‌షావ్. డెన్మార్క్ రాజే పంపాడు. కానీ ఇక్కడి గవర్నర్‌కి వాళ్లంటే పడలేదు, జీగెన్‌బాల్గ్‌ని నాలుగు నెలలు ఇదే కోటలో జైల్లో పెట్టాడు. ఆయన తమిళం నేర్చుకున్న తీరు నాకు బాగా నచ్చింది: బడిలో చిన్నపిల్లల పక్కన కూర్చుని ఇసుకలో అక్షరాలు దిద్దాడు. 1712లో ప్రింటింగ్ ప్రెస్ వచ్చింది, తమిళంలో పుస్తకాలు అచ్చయ్యాయి, కాగితం కోసం పక్కనే మిల్లు కూడా పెట్టారు.

ఇందులో మనకి సంబంధించింది ఒకటుంది. 1719లో బెంజమిన్ షుల్జ్ అనే ఇంకో పాస్టర్ ఈ ఊరికే వచ్చాడు. తర్వాత మద్రాసు వెళ్లి అక్కడ తెలుగు నేర్చుకున్నాడు, తెలుగు వ్యాకరణం రాశాడు, బైబిల్‌ని తెలుగులోకి తెచ్చాడు. తిరిగి జర్మనీ వెళ్లాక 1746 ప్రాంతంలో హాలే అనే ఊళ్లో తెలుగు అక్షరాలతో పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో మొట్టమొదట అచ్చయిన పుస్తకాలుగా చెప్పేవి అవే. ఇప్పుడు మీరు ఫోన్‌లో ఈ తెలుగు అక్షరాలు చదువుతున్నారు కదా, మన అక్షరం తాటాకు మీద నుంచి అచ్చులోకి వెళ్లిన దారి ఈ చిన్న బీచ్ ఊరి మీదుగా పోయింది. ఈ సంగతి చెప్పినప్పుడు మాత్రం మా ఆవిడ "ఇది నాకు తెలీదు" అని ఒప్పుకుంది. స్కోర్ ఒకటి, ఒకటి.

ఆ తర్వాత నెపోలియన్ యుద్ధాల్లో డెన్మార్క్ ఇంగ్లీష్ వాళ్లకి వ్యతిరేకం అయింది, ఇంగ్లీష్ వాళ్లు ఊరిని పట్టుకున్నారు, 1815లో తిరిగిచ్చారు. కానీ వ్యాపారం మళ్లీ లేవలేదు. 1845లో డెన్మార్క్ ఈ ఊరిని, బెంగాల్‌లోని సేరంపూర్‌ని, బాలాసోర్‌లో ఉన్న స్థలంతో సహా ఈస్ట్ ఇండియా కంపెనీకి అమ్మేసింది. రేటు పన్నెండున్నర లక్షల రూపాయలు. రెండు ఊళ్లు కలిపి. హైదరాబాద్‌లో ఇప్పుడు ఆ డబ్బుకి కార్ పార్కింగ్ వస్తుంది.

ఇంగ్లీష్ వాళ్లు కొన్నాళ్లు ఇక్కడ కలెక్టర్ ఆఫీసు పెట్టారు, తర్వాత అది తంజావూరు పోయింది. రైలు నాగపట్నం పోర్టుకి వెళ్లింది, ఓడలు రైలు వెంట వెళ్లిపోయాయి. ఊరు అలా ఆగిపోయింది. మనం ఇప్పుడు వెళ్లి "అబ్బా, ఎంత ప్రశాంతంగా ఉంది, ఎంత అందంగా ఉంది" అనేది దానికే. ఎవరికీ అక్కర్లేకపోవడం వల్ల మిగిలిన అందం అది. డబ్బు ఉండి ఉంటే ఆ బంగళాలు ఎప్పుడో కూలగొట్టి అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లు.

రెండో రోజు పొద్దున్నే లేచి మాసిలామణి నాథుడి గుడి వైపు నడిచాం. కోటకి దగ్గరే, సముద్రం అంచున. పాండ్యరాజు కులశేఖరుడి కాలం, 1305 ప్రాంతం. అంటే డేన్స్ రావడానికి 300 ఏళ్ల ముందు. అక్కడి శాసనంలో ఊరి పేరు షడంగన్‌పాడి అని ఉంటుంది. డేన్స్ ఏదో ఖాళీ ఇసుకలో ఊరు కట్టారనుకునేవాళ్లు ఈ గుడి ముందు ఒక ఐదు నిమిషాలు నిలబడాలి. అప్పటికే ఇక్కడ రేవు ఉంది, వ్యాపారులున్నారు, దేవుడున్నాడు. గుడి ముందు భాగం సముద్రంలో కలిసిపోయింది. ఏటా కొంచెం కొంచెం కోసుకుంటూ వచ్చేసింది. ఇప్పుడు అడ్డంగా పెద్ద పెద్ద బండరాళ్లు వేశారు.

ఆ రాళ్ల మీద ఒక పెద్దాయన వల బాగు చేసుకుంటున్నారు. నా తమిళం సినిమా తమిళం, మా ఆవిడది ఇంకా తక్కువ. "అయ్యా, కోయిల్?" అని గుడి వైపు చెయ్యి చూపించి, ఇంకా ముందుకి ఉండేదా అన్నట్టు అడిగాను. ఆయన సముద్రంలోకి, అల విరిగే చోటికి కూడా అవతలికి చెయ్యి చాపారు. తర్వాత అడక్కుండానే "సునామీ" అని ఒక్క మాట అని, అరచెయ్యి తల మీద దాకా ఎత్తి చూపించారు. 2004 డిసెంబర్ 26. ఈ ఒక్క ఊళ్లోనే వందల మంది పోయారు, ఎక్కువమంది జాలర్ల కుటుంబాలే. తర్వాత ఆయన మళ్లీ వల వైపు తిరిగారు. మేం ఏం అడగలేదు.

నాకు అప్పుడు ఫోన్ తీయాలనిపించింది, అబద్ధం చెప్పను. ఫ్రేమ్ కూడా కనపడింది, గుడి, రాళ్లు, వల, వెనక సూర్యుడు. ఫోన్ జేబులోనే ఉంది. తీయలేదు. కెమెరా వద్దన్న కండిషన్ వల్ల కాదు.

మధ్యాహ్నం మయిలాడుదురై బస్సులో మా ఆవిడకి కిటికీ సీటు, నాకు ఒడిలో రెండు బ్యాగులు. గేటు దాటుతుంటే ఆమె వెనక్కి తిరిగి చూసి, "కాంగ్స్‌బక్కె పెళ్లాం ఎవరు?" అని అడిగింది. నాకు తెలీదు, నేను ఆ ప్రశ్నే వేసుకోలేదు. ట్రైన్‌లో మొత్తం వెతికాను, చార్జింగ్ అయిపోయేదాకా.

ఏడాది గడువుకి ఇంకా రెండు నెలలుంది అండి. ఉంటాను.